బావమరిది మొక్క

మా మావయ్యకి ఒక్కటే జబ్బు. ఆయన ముందు ఏ మొక్కనీ కలుపు మొక్క అనకూడదు. తనని ఎంత మాటన్నా నవ్వి ఊరుకునే మనిషి, తుమ్మి మొక్కని కలుపంటే మాత్రం కాఫీ సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

మావయ్యది ద్రాక్షతోట. పక్క తోటల్లో తీగల కింద నేల దువ్విన తలలా నున్నగా ఉండేది. మావయ్య తోటలో అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయం, ఏ చుట్టాన్ని తొక్కుతామో అని. అవును మరి, మొక్కలన్నిటితోనూ ఆయన వరసలు కలిపేశాడు. తెల్లగా ముస్తాబై నిలబడే తుమ్మి చిన్నకూతురు. చీరంచు పట్టుకుంటే వదలని ఉత్తరేణి మేనత్త. వెంపలి బావమరిది.

"బావమరిదెలా అయింది మావయ్యా?" అనడిగాను, తీగలు కట్టే పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో.

"ఒకసారి పాతుకున్నాడంటే ఇంక కదలడమ్మా."

అప్పుడే గట్టు మీంచి అత్తయ్య దగ్గు వినిపించింది. ఆవిడ కంటే ముందు ఆవిడ దగ్గు వచ్చేది. మావయ్య గబుక్కున చేతిలోని మొక్కని వీపు వెనక దాచుకున్నాడు.

"మా తమ్ముడు వచ్చి పట్టుమని వారం ఉండడు. వాడా పాతుకుపోయేది?" అంది అత్తయ్య. "ఆ వెనకేమిటి? మళ్ళీ ఎవర్ని తెచ్చారు?"

కాలవగట్లూ కొండవాలూ తిరిగి విత్తనాలు ఏరుకొచ్చి వరసల మధ్య చల్లడం ఆయనకి అలవాటు. అడిగితే, "వీళ్ళు ఈ మట్టిలో పుట్టినవాళ్ళు. బయటినుంచి తెచ్చుకున్నది ద్రాక్షనే. కోడల్ని తెచ్చుకుని ఇంటివాళ్ళని గెంటేస్తామా?" అనేవాడు. ఆ పూల కోసం అక్షింతల పురుగులు వస్తాయట, అవి ద్రాక్షకి పట్టే పిండినల్లిని తినేస్తాయట.

పురుగుమందుల కొట్టాయన ఒకసారి వచ్చి, "ఏమండీ, తోటలో గడ్డి ఉందా, గడ్డిలో తోట ఉందా?" అని వెటకారమాడాడు.

"రెండూ ఉన్నాయి. మీ మందే లేదు," అన్నాడు మావయ్య.

ఒకసారి అత్తయ్య తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చాడు. పాపం, ఏదో సాయం చేద్దామని, బావ నిద్ర లేవకముందే కొడవలి పట్టుకుని ఒక వరసంతా ఈ చివర నుంచి ఆ చివరకి గీకిపారేశాడు. "అక్కా, చూడు, అద్దంలా చేశాను!" అని ఒకటే మురిపెం. మావయ్య వచ్చి చూసి గట్టు మీద కూలబడ్డాడు. కుప్పలోంచి ఒక వెంపలి మొక్కని తీసి చాలాసేపు చూసి, "నిన్ను నువ్వే పీకేసుకున్నావు కదయ్యా," అన్నాడు.

మేమందరం పడీపడీ నవ్వాం. కాయ ఊరే వేళకి మా నవ్వు ఎగిరిపోయింది. ఆ నున్నటి వరసకి పిండినల్లి పట్టింది. గుత్తులన్నీ తెల్లబారిపోయాయి. కొట్టాయన చూసి పెదవి విరిచాడు.

"ఇది ఈ వరసతో ఆగదు. తోటంతా మందు కొట్టకపోతే ఈ ఏడు మీకు ఒక్క గుత్తి దక్కదు."

"కొట్టించండి," అంది అత్తయ్య.

"రెండ్రోజులు ఆగు."

"పంట పోతే ఏం తింటాం? మీ చుట్టాలొచ్చి వండిపెడతారా?" అని ఆవిడ విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ మావయ్య మీద ఒళ్ళు మండింది. మనిషికి మొండితనం ఉండచ్చు గానీ మరీ ఇంతా!

మర్నాడు పొద్దున్నే అత్తయ్యా నేనూ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాం. వాన లేదు, ఎండా రాలేదు, మావయ్య చేతిలో గొడుగు ఉంది. అదీ తలకిందులుగా! పక్క వరసలో తుమ్మి మొక్కల కింద దాన్ని పట్టి, కొమ్మల్ని మెల్లిగా తడుతున్నాడు. అక్షింతల పురుగులు టపటపా గొడుగులో రాలుతున్నాయి. వాటిని నిండు బిందెలా జాగ్రత్తగా మోసుకెళ్ళి జబ్బు వరస మీద దులుపుతున్నాడు. పైగా మర్యాదలు!

"తినండర్రా, మొహమాటపడకండి. మీరు తినకపోతే నేను మందు కొట్టాలి. ఆ మందు కొట్టిన రోజల్లా మా ఆవిడ ఊపిరందక కిటికీ ఊచలు పట్టుకుని కూర్చునేది. అది మళ్ళీ నేను చూడలేను నాయనా."

నేను బిత్తరపోయి అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. వెంటనే గొంతు సవరించుకుని తన మామూలు ధోరణిలోకి వచ్చేసింది.

"గొడుగు అలా పట్టుకుంటే సగం కిందే పోతాయి. ఇలా ఇవ్వండి."

మావయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడొచ్చావు? నీ దగ్గు వినపడలేదే!"

అన్నాక ఆ మాట ఆయనకే వినపడింది. ఆవిడ చివరిసారి ఎప్పుడు దగ్గిందో మా ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు. మావయ్య వెర్రిమొహం వేసుకుని నవ్వాడు.

"ఇన్నాళ్ళూ నోరు విప్పి చెప్పచ్చు కదండీ."

"చెపితే, నాకోసం పంట పాడు చేసుకుంటారా, కొట్టెయ్యండి అనేదానివి."

"అనేదాన్నే," అంది అత్తయ్య. "పదండి, బావమరిది దగ్గర పురుగులు ఇంకా బోలెడున్నాయి."

ఆ వరసలో కొన్ని గుత్తులు పోయాయి. తోట నిలబడింది. ఆ తర్వాత అత్తయ్య తమ్ముడు మళ్ళీ వచ్చాడు. చేతులు ఊరుకోవు కదా, కబుర్లు చెబుతూనే వంగి తీగ కింద మొక్క పట్టుకున్నాడు. మావయ్య నోరు తెరిచేలోపే వాకిట్లోంచి అత్తయ్య పెద్ద కేక పెట్టింది.

"ఒరేయ్, ముట్టుకోకు! అది నువ్వేరా!"