కింది మడిలో చీర ముక్క

మా అత్తమ్మ పోయి పన్నెండు రోజులైంది. పొద్దున పశువులకు మేత వేస్తూ కూలబడింది. ఆటోలో జహీరాబాద్ దవాఖానకు చేరేలోపే ఊపిరి ఆగిపోయింది.

ఆమె పండించిన అల్లం గురించి ఊర్లో అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆమె మట్టి వాసన చూడటమే గుర్తొస్తుంది. వాన పడగానే పిడికెడు మట్టి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టేది. "జర చూడు బిడ్డా, పానమున్న మట్టి గిట్ల ఉంటది" అనేది. పొలానికి పోసే జీవామృతంలో పేడ, బెల్లం, శనగపిండి కలిపాక చివరికి కింది మడి గట్టు మట్టి పిడికెడు వేసేది. మేలు చేసే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయని నమ్మేది.

నిరుడు వానలకు గుట్ట మీది గని వ్యర్థం కొట్టుకొచ్చి ఆ గట్టు మీదుగా కింది మడిలోకి పారింది. అప్పుడు అత్తమ్మ బీదర్‌లో చెల్లెలింట్లో ఉంది. చూసింది నేనొక్కదాన్నే. కొత్త కోడలిని, నాకెందుకని నోరు విప్పలేదు. ఆమె తిరిగొచ్చి జీవామృతంలో ఆ గట్టు మట్టే కలిపి పై మడికి పోసింది.

ఎండాకాలంలో మట్టి పరీక్ష చేసిన సారు కింది మడిలో లోహాలు చేరాయన్నాడు. "చాలా బ్యాక్టీరియా చచ్చిపోయిందమ్మా. కొన్ని లోహానికి అలవాటు పడి బతుకుతయి. అవి బతికినయని విషం పోయినట్టు కాదు."

ఆయన వెళ్లాక అత్తమ్మకు ఏడుస్తూ అంతా చెప్పాను.

"నోరు పుట్టింట్ల మర్చిపోయి వచ్చినవా పిల్లా? ఇగ దాచకు" అంది.

తన పాత నూలు చీర చింపి, పై మడిలో ఒక ముక్క, కింది మడిలో ఒక ముక్క పాతింది. "మట్టికి పానముంటె గుడ్డను తింటది" అంటూ రోజూ రెండింటికీ చెంబెడు నీళ్లు పోసేది. తీసి చూడకుండానే పోయింది.

నిన్న నేనే తవ్వాను. పై మడి ముక్క పోగులు పోగులుగా చేతికొచ్చింది. కింది మడి ముక్క దాదాపు అట్లాగే ఉంది. ఒక మూల మాత్రం నాలుగు చిల్లులు.

మా ఆయన విత్తనపు అల్లం గంప దించి ఆ చిల్లులు చూశాడు. "గుడ్డను తింటున్నయి గదా, ఈడ గూడ అల్లం పెడదాం."

"వద్దు. అవి బతికినయంతే. విషం మట్టిల గట్లనే ఉంది."

ఆయన నా వంక వింతగా చూశాడు. గంప మళ్లీ ఎత్తలేదు, మడిలోకీ దిగలేదు. నా చేతిలో తడి చీర ముక్క. దాని మీద అత్తమ్మ పసుపు పూలు ఇంకా వెలిసిపోలేదు.