ప్లాస్టరు కింది గడియారం

అక్కుపల్లి రేవులో ఢిల్లీరావుకి మంచి చేపల వేటగాడని పేరుండేది. నలభై ఏళ్ళు నిండకుండానే కాళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో ఆ వాపు చూసి ఏమైందని ఎవరూ అడగరు, క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. డాక్టరు సముద్రం మానమన్నాడు. మానేశాడు గానీ, తెల్లవారుజామున బోట్లు నీళ్ళలోకి తోసే కేకలు వినబడితే మంచం మీద ఉండలేకపోయేవాడు.

రెండు వేల ఆరులో ఒక సేవా సంస్థ ఊళ్ళో సమాచార కేంద్రం తెరిచింది. ఒక గది, ఒక కంప్యూటరు, పైకప్పు మీద మైకు. గాలి, కెరటాల కబురు టెలిఫోను లైను మీద వస్తుంది. దాన్ని చదివి ఊరికి వినిపించాలి. ఢిల్లీరావు పదో తరగతి దాకా చదివాడు, పైగా ఖాళీగా ఉన్నాడు. సముద్రం మీదికి వెళ్ళలేని మనిషికి సముద్రం సంగతి చెప్పే పని దొరికింది.

ఆ కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్సు ఉండేది. ఎక్కడో సిద్ధం చేసి పంపిన పెట్టె కావడంతో దాని గడియారం గ్రీనిచ్ కాలంలో నడిచేది. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండైతే తెర మూల ఆరున్నర కనిపించేది. గాలి ఏ గంటకి లేస్తుందో చెప్పే పట్టికలోనూ అదే వరస. ఐదున్నర గంటలు కలిపితే మన టైమని ఢిల్లీరావు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. వేళ్ళ మీద కలుపుకుని మైకులో చెప్పేవాడు. ఎన్నడూ తప్పలేదు.

"ఏటి బావా, నీ పెట్టికి ఇంకా తెల్లారనేదేటి?" అని కిటికీలోంచి తవిటయ్య ఆటపట్టించేవాడు. అతను ఢిల్లీరావు చెల్లెలు రత్నాలమ్మ భర్త.

"అది దొరల పెట్టి బావా, ఆలీసంగా లెగుత్తాది."

"మరి రోజూ లేపడానికి నువ్వేటి, దాని మొగుడివా?"

ఊరంతా అదే మాట పట్టుకుంది. ఢిల్లీరావుకి విసుగొచ్చి, రక్తం తీసినచోట వేసిన ప్లాస్టరు ఊడదీసి తెర మూల గడియారం మీద అంటించేశాడు. అబద్ధం చెప్పే గడియారం మొహం చూడటం దేనికి? లెక్క తన వేళ్ళ మీద ఉందాయె.

ఒకనాడు అతను పరీక్షలకి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు టెక్కలి నుంచి ప్రదీప్ కుమార్ వచ్చాడు. సంస్థ కంప్యూటర్లు చూసేది అతనే. యూపీఎస్ బాటరీ మార్చాల్సి ఉంది. రత్నాలమ్మ గది తాళం తీసింది. పనయ్యాక అతను ఆదేశాలు టైపు చేసే నల్లతెర తెరిచి టైము అడిగి చూశాడు. కంప్యూటరు గ్రీనిచ్ టైము చెప్పింది. టైము ఒక్కటే ముందుకి జరిపి వదిలేసే రకం కాదు ప్రదీప్. అలా చేస్తే గడియారం కుదురుతుంది గానీ పట్టికలో గంటలు పాత లెక్కలోనే ఉండిపోతాయి. తప్పు టైములో లేదు, కంప్యూటరు తాను వేరే దేశంలో ఉన్నాననుకుంటోంది. అందుకని ముందు ప్రాంతం మార్చి, మన దేశపు టైముకి ఆసియాలో కలకత్తా ఎంచాడు. గడియారం, పట్టిక రెండూ మన టైముకి వచ్చాయని సరిచూసుకున్నాడు. ఆపి మళ్ళీ వేసినా మరిచిపోకుండా లోపలి గడియారంలోకి కూడా ఎక్కించాడు. తెర మూల ప్లాస్టరు చూసి, ఏ పగులుకో వేశారనుకుని ముట్టుకోలేదు.

"గడియారం బాగు చేసేనమ్మా. మీ అన్నయ్యగారితో చెప్పండి," అన్నాడు.

"అలాగే నాయనా," అంది.

సాయంత్రం ఢిల్లీరావు బస్సు దిగి, గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. క్రియాటినిన్ ఇంకా పెరిగింది. అన్నకి గంజి పోసి ఇచ్చిన రత్నాలమ్మకి గడియారం మాట గుర్తే రాలేదు.

మర్నాడు బోట్లు దిగేవేళకి పట్టికలో గాలి పదిన్నరకని ఉంది. ఢిల్లీరావు ఎప్పటిలాగే ఐదున్నర కలిపాడు. "సాయంత్రం నాలుగు దాకా గాలి నేదు. మూడుకల్లా ఒడ్డుకొచ్చీండి," అని మైకులో చెప్పాడు. తవిటయ్య చేతి గడియారం విప్పి భార్యకిచ్చి వెళ్ళాడు. ఉప్పునీటికి పాడవుతుందని వేటకెప్పుడూ పెట్టుకోడు.

ఎండ పూర్తిగా ఎక్కకముందే తూర్పు నల్లబడింది. ఢిల్లీరావు వాచిన కాళ్ళతో ఇసకలో పడుతూ లేస్తూ రేవుకి వెళ్ళాడు. ఒక్కొక్క బోటూ వచ్చింది. తవిటయ్య బోటు ఒడ్డు కెరటాల్లో బోర్లాపడింది. మిగిలిన ఇద్దరూ ఈదుకొచ్చారు. తవిటయ్యని సముద్రం తర్వాతెప్పుడో దక్షిణాన పడేసింది.

దినం అయ్యాక ప్రదీప్ వచ్చి ప్లాస్టరు పీకాడు. కింద గడియారం సరైన టైము చూపిస్తూ నడుస్తోంది. ఢిల్లీరావు దాన్నీ, పక్కన పట్టికలో గంటల్నీ చూశాడు.

"నాను కలిపీసినాను," అన్నాడు.

"నేను ఆవిడతో చెప్పేనండీ," అన్నాడు ప్రదీప్ మెల్లగా.

రత్నాలమ్మ గుమ్మంలోనే ఉంది. "సెప్పినాడు. నానే సెప్పనేదు. పాడైపోతే సెప్తాం. బాగైన సంగతి కూడా సెప్పాలని నాకేటి తెలుసు?"

ఊరు ఢిల్లీరావుని తిట్టలేదు. అతను మైకులో చెబుతున్నప్పుడు జనం తలెత్తి ఆకాశం కేసి చూడటం మొదలుపెట్టారు, అంతే. అది అతనికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది. తాళాలు సంస్థకి తిరిగిచ్చేస్తానన్నాడు. అడ్డుపడింది రత్నాలమ్మే.

"మానీకు. ఇంకా ఎంతమంది మొగుళ్ళో నీటి మీదున్నారు. గానీ సదివే ముందు నన్నడుగు."

అప్పట్నుంచి అదే పద్ధతి. మైకు వేశాక సందు అవతలకి కేక వేస్తాడు, "టైమెంత సెల్లీ?" రత్నాలమ్మ భర్త గడియారం పట్టుకుని బయటికొచ్చి చెబుతుంది. ఆమె మాట, తెర మూల అంకె కలిస్తేనే చదువుతాడు. ఆమె జవాబు మైకులో లీలగా వినిపించేదాకా ఇప్పుడు ఊళ్ళో ఎవరూ బోటు తోయరు. ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య ఇంకో మాట లేదు. గంజి కూడా పక్కింటావిడ చేత పంపిస్తుంది.

డయాలసిస్ మొదలయ్యాక అతని గొంతు సన్నబడింది. ఒక తెల్లవారుజామున టైమడిగి, మైకు ఆపకుండానే, "రేత్రి నిద్ర పట్టినాదేటి సెల్లీ?" అని కూడా అడిగాడు. రేవు దాకా వినిపించింది.

రత్నాలమ్మ గడియారం చూసి, టైము చెప్పి, లోపలికి వెళ్ళిపోయింది.

ఢిల్లీరావు తెర మూల చూశాడు. కలిసింది. చదవడం మొదలుపెట్టాడు.