లాండ్రీ మీద గది

గంజక్క నోటికి వీధంతా భయపడుతుంది. చొక్కాకు బొత్తాం ఊడిందని గొడవకు వచ్చినవాడు కూడా, ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క చూపు చూసేసరికి, బొత్తాం ఇంట్లోనే ఊడి ఉంటుందని తనే సర్దుకుని పోతాడు. గంజి పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఎక్కడ నేర్చావని ఎవరైనా అడిగితే 'మా మేనత్త దగ్గర' అంటుంది. నేర్చింది జైల్లో. వార్డర్ల యూనిఫాంలకు ఏళ్ళ తరబడి గంజి పెట్టింది. ఏం నేరం చేసిందని మాత్రం అడక్కండి. ఆ శిక్ష ఆమె పూర్తిగా అనుభవించి వచ్చింది, కొసరు మాత్రం మనమింకా వేస్తూనే ఉన్నాం.

బస్టాండు వెనక సందులో ఆమె లాండ్రీ. ముందు గదిలో ఇస్త్రీ బల్లలు, వెనక గదిలో తొట్లు, వేడినీళ్ళ బాయిలరు. రాత్రి తొట్ల పక్కనే చాపలు పరుచుకుని పడుకునేది ముగ్గురు. గంజక్క, పొడుగామె, చిన్నది.

మగవాడు జైలు నుంచి విడుదలైతే గేటు బయట తల్లో పెళ్ళామో కళ్ళల్లో వత్తులు వేసుకుని నిలబడి ఉంటుంది. ఆడది విడుదలైతే అక్కడ పిట్ట కూడా ఉండదు. అన్నదమ్ములకు ఆ రోజే తీరని పనులు పడతాయి. గంజక్క మాత్రం వెళ్తుంది. వెళ్ళి, ముద్దూ మురిపెం లేకుండా, "ఏం చూస్తున్నావ్? పద" అంటుంది. అలా వచ్చినవాళ్ళలో కొందరు నాలుగు నెలలుండి దారి చూసుకున్నారు. పొడుగామె, చిన్నది ఉండిపోయారు.

వాళ్ళకు ఇస్త్రీ నేర్పడం కంటే జైలు అలవాట్లు మాన్పించడానికే గంజక్క తల ప్రాణం తోకకొచ్చింది. చిన్నది బాత్రూముకు వెళ్ళాలన్నా ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడేది. "ఎవర్నే అడుగుతున్నావ్? గోడనా? పో!" అని అరిచేది గంజక్క. పొడుగామె ఎవరో తరుముకొస్తున్నట్టు గబగబా అన్నం మింగేది. అరిగిపోయిన సబ్బు ముక్కల్ని తలకింద దాచుకునేది. వాళ్ళు తన ఊరి చుట్టాలని గంజక్క వీధిలో చెప్పింది. ఒకసారి ఒక లాడ్జి మేనేజరుకు నిజం చెప్పి చూసింది. అతను చేతులెత్తి దణ్ణం పెట్టి, మీ సేవ గొప్పదని పొగిడి, లాడ్జి తువ్వాళ్ళు వేరే చోట ఉతుక్కి వేశాడు.

ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి దుప్పట్ల పని రాబోతోంది. వస్తే లాండ్రీ మీది గది కూడా అద్దెకు తీసుకోవచ్చు. ఆ గది మీదే చిన్నదాని ప్రాణమంతా. దాని ఏడేళ్ళ కూతురు ఆడపడుచు దగ్గర పెరుగుతోంది. తొట్ల మధ్యకు పిల్లను పంపనని, గదంటూ ఒకటి చూసుకున్నాకే వచ్చి తీసుకెళ్ళమని ఆడపడుచు తెగేసి చెప్పింది. గది ఖాయమైపోయినట్టే పిల్లకు ఫోన్లో చెప్పేసింది చిన్నది. తొందరపడకే అని గంజక్క తిట్టింది కానీ, తనూ ఆ రోజు ఇంటివాడి దగ్గర తాళం తీసుకుని పైకెళ్ళి కిటికీలు తెరిచి చూసి వచ్చింది.

ఆసుపత్రి మేట్రన్ చూడటానికి వచ్చింది. మంచి మనిషి. దుప్పటి వాసన చూసింది, అంచులు కలిపి మడిచిన తీరు చూసి మెచ్చుకుంది. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టి, గంజి నీళ్ళలో వేళ్ళు ముంచి చూసి, "మా అమ్మ కూడా ఇంత చిక్కగా కాచేది కాదు" అని నవ్వింది. ఒకటో తారీఖు నుంచి బండి పంపిస్తానంది. చిన్నది సంతోషం పట్టలేక పొడుగామె వీపు వెనక దాక్కుంది.

వెళ్ళబోతూ మేట్రన్ బల్ల వైపు చూసింది. "నా వాచీ ఇక్కడే పెట్టానే. ఎవరైనా చూశారా?"

అంతే అంది. గొంతులో అనుమానం కూడా లేదు.

ముగ్గురూ వెళ్ళి గోడకు ఆనుకుని వరసగా నిలబడ్డారు. కొంగులు దులిపారు. ముడి విప్పి జుట్టులో వేళ్ళు పోనిచ్చి విదిలించారు. అరచేతులు చాపి, నోళ్ళు తెరిచి, నాలుక పైకెత్తి చూపించారు. తన నోరు కూడా తెరుచుకునే ఉందని గంజక్కకు కాసేపటికి గాని తెలియలేదు. మూసుకుంది.

మేట్రన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఖైదీల్ని వైద్యానికి తెచ్చే ఆసుపత్రుల్లో పనిచేసిన మనిషి, ఆ సోదా వరస ఆమె ఎరగనిది కాదు. తనే మడత విప్పి చూసిన దుప్పటి కింద వాచీ దొరికింది. "అయ్యో, ఇక్కడే ఉంది" అంటూ పెట్టుకుంది. చేతిసంచీని మాత్రం చంక కిందికి లాక్కుంది.

గంజక్క గుమ్మం దాకా వెంట వెళ్ళింది. "మేట్రన్ గారూ, వాచీ దొరికింది కదా."

"దొరికిందమ్మా. దొరక్కపోతే? నాకు మీ మీద ఏమీ లేదు. రేపు అక్కడ ఏ పేషంటుదో పోతే నా మెడకు చుట్టుకుంటుంది." ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మ ఎవరికి కావాలి? బండి ఇక రాదని ఇద్దరికీ తెలుసు.

లోపలికి వచ్చి గంజక్క విరుచుకుపడింది. "ఎవరు నిలబడమన్నారే మిమ్మల్ని? మీ నోళ్ళు తెరవమని ఎవరడిగారే?"

చిన్నది తల వంచుకుంది. పొడుగామె జుట్టు ముడేసుకుంటూ, "నువ్వే ముందు నిలబడ్డావక్కా. నిన్ను చూసే మేం నిలబడ్డాం" అంది.

కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గంజక్క బాయిలరు ఆపడానికి వెళ్ళింది. తను ఆ అలవాట్లన్నీ మానేశాననుకుంది, వీళ్ళకు నేర్పుతున్నాననుకుంది.

సాయంత్రం చిన్నదాని ఫోను మోగింది. కూతురు. "లేదమ్మా, ఇంకా లేదు... పై గదికి రంగు వేస్తున్నారు తల్లీ, అది ఆరాలి" అంటోంది చిన్నది.

అబద్ధమాడితే చీరేసే గంజక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "రెండో పూత కూడా ఉందని చెప్పవే" అంది గట్టిగా, పిల్లకు వినబడేలా.

"రెండో పూత కూడా ఉందంట... ఏంటమ్మా?" చిన్నది ఫోను చేత్తో మూసి ఇటు తిరిగింది. "ఏం రంగని అడుగుతోందక్కా."

వీధిలో ఎవరికీ మాట పడని గంజక్క, దానికి ఒక రంగు పేరు చెప్పలేకపోయింది.