మంచు పోస్టులో పాత స్విస్ వాచీ

అక్టోబరు రెండో వారం. ఉదయం తొమ్మిది నలభైకి పోస్టు చేరాను. కింది క్యాంపు నుంచి ఐదింటికి బయల్దేరాం. ఆరుగురం. ఒకే తాడు అందరి నడుములకూ. ఎత్తు పదిహేడు వేల అడుగులు. ఎండ కాస్తోంది. ఆ ఎండలోనే చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీల కింద ఉంది. కొండ పేరు చెప్పను. చెప్పకూడదు.

పోస్టంటే కోటలాంటిదేదో అనుకోకండి. మంచులో నిలబెట్టిన రెండు ఫైబరు గుడిసెలు. ఒకటి పడుకోవడానికి, ఒకటి వంటకూ రేడియోకూ. మధ్యలో పన్నెండు అడుగుల దారి. గాలి లేచినప్పుడు ఆ పన్నెండు అడుగులు దాటడానికి ఒక తాడు కట్టి ఉంటుంది. మనుషులం ఎనిమిది మంది. అందరం దక్షిణాది వాళ్లమే. నేను రేడియో ఆపరేటర్ని.

పోస్టు కమాండరు ఒక సుబేదారు. ఊరు గూడూరు, ఇంటి దగ్గర నిమ్మతోట. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నేను నీళ్లు తాగేలోపే సామాను పరచమన్నాడు. పరిచాను. ఈకల కోటు ఒకటి. లోపలి చేతి తొడుగులు రెండు జతలు, పై తొడుగులు ఒక జత. మంచు బూట్లు. నల్ల కళ్లద్దాలు. రేడియో సెట్టు, బ్యాటరీలు ఆరు. అన్నీ జాబితాతో సరిపోయాయి. అప్పుడు ఆయన చూపు నా ఎడమ చేతి మీద ఆగింది.

"ఇదేందయ్యా?"

"వాచీ సార్."

"వాచీ అని నాకూ కనిపిస్తా ఉండాది. తోలు పట్టీ, బంగారు ముళ్లు. పెళ్లికొచ్చినావా?"

వెనక ఎవరో నవ్వారు.

"పాతది సార్. స్విస్ వాచీ. నేను పుట్టకముందుది."

"ఈడ కొత్తయ్యే నిలబడవు. పాతదాన్ని మోసుకొచ్చినావే!"

చొక్కా చేతిని కిందికి లాక్కున్నాను.

ఆ వాచీ కొని అప్పటికి నెల కూడా కాలేదు. సెప్టెంబరులో ఇరవై రోజులు సెలవు దొరికింది. మా ఊరు చంద్రగిరి పక్కన పల్లె. నా భార్య భాగ్య అక్కడి అంగన్‌వాడీలో టీచరు. మంచులోకి పోయే ముందు కొండకు నడిచి వెళ్లాలని తనే అంది. అలిపిరి నుంచి ఎక్కాం. దర్శనమయ్యాక బస్సులో దిగాం. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఆమె చెప్పు తెగింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆమె కూర్చుంది. నేను పక్క దుకాణం నీడకు జరిగాను. అది పాత వాచీల దుకాణం.

అద్దం వెనక ఇరవై దాకా ఉన్నాయి. ఒకదాని మీద కన్ను పడింది, ఇక పక్కకు పోలేదు. స్టీలు ఒళ్లు. డయలు ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది, ఇప్పుడు కాచిన నెయ్యి రంగు. వెంట్రుకంత సన్నటి బంగారు ముళ్లు. ఆరు అంకె ఉండాల్సిన చోట ఒక చిన్న గుండ్రం, అందులో సెకన్ల ముల్లు ఒక్కటే తిరుగుతోంది. సైన్యంలో చేరినప్పటి నుంచి నేను ప్లాస్టిక్ వాచీలే కట్టాను. పాడైతే పారేసి ఇంకొకటి. వాచీని చూసి మనసు లాగడం అదే మొదటిసారి.

దుకాణంలో అరవై దాటిన ఒకామె కూర్చుని ఉంది. కంటికి భూతద్దం. భర్త పక్కన కూర్చుని నేర్చుకున్న పనట. ఆయన పోయాక ఆ బల్ల ముందు తనే కూర్చుంది.

"ఊరికే సూస్తే ఏం తెలస్తాది? కట్టుకుని సూడు" అంది.

"వొద్దులేమ్మా. ఇట్లాంటివి మాలాంటోళ్లకు కాదు."

"వాచీకి ఎవురి సెయ్యో యాడ తెలస్తాది నాయనా? సెయ్యి వెచ్చగా ఉంటే సాలు దానికి."

కట్టుకున్నాను. బరువే లేదు. ధర అడిగాను. విన్నాక తీసి బల్ల మీద పెట్టేశాను. అప్పటికి భాగ్య గడపలో నిలబడి ఉంది.

"పోదాం పా" అన్నాను.

"యాడికి? పదహారేండ్ల నుంచి సూస్తా ఉండా. ఇంటికి స్లాబు అన్నావు. నీ తమ్ముని సదువన్నావు. నాకు కుట్టుమిషన్ కొనిస్తివి. నీకని ఒక్కటి కొనుక్కున్నావా?"

"ధర విన్యావా?"

"విన్నా. తీసుకో."

వాచీలామె నవ్వలేదు, ధర పెంచలేదు. పట్టీ మార్చి, వెనక మూత తుడిచి ఇచ్చింది. "రోజూ ఒకే ఏళకు కీ ఇయ్యి. బిగిసినాక ఇంకొక్క సుట్టు గూడా తిప్పొద్దు. సలికి మాత్రం ఓర్సుకోదు, సూసుకో" అంది. నేను పోయేది ఎక్కడికో ఆమెకు చెప్పలేదు.

చంద్రగిరి బస్సులో చొక్కా చెయ్యి రెండు మడతలు పైకి మడిచాను. ఊరు చేరేలోపు దాన్ని ఎన్నిసార్లు చూశానో! భాగ్య "టైమెంత?" అని అడిగితే మళ్లీ చూడాల్సి వచ్చింది.

నవంబరు చివరికి పోస్టులో చలి సున్నాకు ముప్పై డిగ్రీల కిందికి దిగింది. బ్యాటరీ వాచీలు ఒక్కొక్కటే చచ్చాయి. అంకెలు బూడిద రంగుకు తిరిగి మాయమయ్యేవి. గోడ గడియారమూ నిలిచింది. నా వాచీ మూడు పొరల కింద, ఒంటికి ఆనుకుని నడిచింది. రోజుకు నలభై సెకన్లు వెనకబడేది, అంతే. ఉదయం ఆరింటికి కింది బేస్ క్యాంపు నుంచి రేడియోలో టైము వచ్చేది. సరిచేసి కీ ఇచ్చేవాణ్ణి. ఆ తర్వాత గంటగంటకూ అదే మాట.

"బేస్, పోస్టు మాట్లాడుతున్నా. ఎనిమిది మందీ క్షేమం. ఓవర్."

కాపలా మార్చడానికీ, స్టవ్ ఆర్పడానికీ అందరికీ నా చెయ్యే దిక్కయింది. సుబేదారు కూడా అడిగేవాడు. "టైమెంతయ్యా, పెళ్లికొడకా?" ఆ పేరే నిలిచిపోయింది.

రోజూ కీ ఇచ్చే వేళకు వంటాయన టీ తెచ్చేవాడు. ఆయనది పలమనేరు పక్క పల్లె. నాకంటే ఐదేళ్లు పెద్ద. మెల్లగా మాట్లాడతాడు, మెల్లగా నడుస్తాడు, ఎవరి గ్లాసులో చక్కెర ఎంతో ఒక్కరోజూ తప్పడు. డిసెంబరులో ఒక ఉదయం గ్లాసు చేతికిచ్చి అక్కడే నిలబడ్డాడు.

"ఒకతూరి ఇయ్యప్పా. సెవి కాడ పెట్టుకుంటా."

ఇచ్చాను. టోపీ పైకెత్తి చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మూశాడు.

"ఏంది వినిపిస్తా ఉండాది?"

"మా ఇంట్లో పట్టుపురుగులు ఉండాయి. నాలుగోతూరి కుబుసం ఇడిసి నిద్ర లేసినాక మల్బరీ ఆకు ఏస్తే అన్నీ కలిసి మేస్తాయి. ఆ సప్పుడు ఇట్లే ఉంటాది. కొట్టంలో పండుకుంటే వాన పడతా ఉన్నట్టుంటాది." వాచీ తిరిగి ఇచ్చాడు. "ఈడ కుక్క అరవదు, కాకి అరవదు. ఏదో ఒక సప్పుడు ఉండాల గదప్పా మనిసికి."

ఆ రోజు నుంచి టీతో పాటు ఇదీ అలవాటైంది. ఒక నిమిషం వినేవాడు. తిరిగిచ్చి పోయేవాడు.

జనవరిలో గాలి లేచింది. చేయి చాపితే వేళ్లు కనిపించలేదు. మొదటి రోజు సాయంత్రం వంటాయన దగ్గు మొదలుపెట్టాడు. రెండో రోజు పొద్దున గిన్నె ఎత్తలేకపోయాడు. నర్సింగ్ అసిస్టెంట్ మలయాళీ, నెమ్మదస్తుడు. వీపుకు చెవి పెట్టి విన్నాడు.

"సార్, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దించాలి. మందు కాసేపు ఆపుతుంది, నయం చేయదు."

వంటాయన్ను రేడియో గుడిసెలోనే పడుకోబెట్టాం. రేడియో పట్టుకున్నాను.

"బేస్, పోస్టు. ఒకరికి ఊపిరాడటం లేదు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"పోస్టు, బేస్. గాలి ఎక్కువ. ఎగరలేం. కాచుకోండి. ఓవర్."

వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే యంత్రం చలికి పనిచేయలేదు. ఊపిరి లెక్కపెట్టడానికి సెకన్ల ముల్లు కావాలి. వాచీ తీసి నర్సింగ్ అసిస్టెంట్ చేతికిచ్చాను. పోస్టుకు వచ్చాక నా ఒంటి నుంచి అది అంతసేపు దూరం కావడం అదే మొదలు. అరగంటకోసారి ఆయన లెక్క చెప్పేవాడు. ముప్పై రెండు. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. నేను బేస్‌కు చెప్పేవాణ్ణి.

మూడో రోజు ఉదయం లేచి చూస్తే వాచీ మందుల ఇనప్పెట్టె మీద ఉంది. అలసిపోయి నర్సింగ్ అసిస్టెంట్ దాన్ని అక్కడ పెట్టి కునుకు తీశాడు. ఆయన తప్పు లేదు. ముల్లు ఐదు యాభై రెండు దగ్గర నిలిచి ఉంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. పక్కన మనిషి ఊపిరికి కొట్టుకుంటుంటే మొదట నాకు కలిగిన బాధ వాచీ గురించే. ఇది భాగ్యకు కూడా చాలా ఏళ్ల దాకా చెప్పలేదు.

వంటాయన కళ్లు మూతలు పడుతున్నాయి. పెదాలు నీలం. నర్సింగ్ అసిస్టెంట్ నా భుజం పట్టుకున్నాడు. "మత్తులోకి పోనివ్వకు. మాట్లాడిస్తూ ఉండు."

పక్కన కూర్చున్నాను. వంటాయన నన్ను గుర్తుపట్టాడు.

"ఈ పొద్దు ఇయ్యలేదేప్పా."

"ఏంది?"

"వాచీ."

"ఇస్తా. కీ ఇయ్యాల, ఉండు" అని అబద్ధం చెప్పాను.

అన్ని పొరలూ విప్పి వాచీని చంకలో పెట్టుకున్నాను. నిప్పు పెట్టినట్టు కాలింది చలి. చెయ్యి బిగించి మాటల్లోకి దించాను.

"పురుగులకు రోజుకు ఎన్ని తూర్లు మేత?"

"నాలుగు."

"ఆకు ఎవురు కోస్తారు?"

"మా ఆడమనిసి... తెల్లారినాక... మంచు ఆరాల. తడాకు ఏస్తే సచ్చిపోతాయి."

"అన్నా, నిద్రపోవద్దు. తట్టలు ఎన్ని?"

"నలభై."

ఒక్కో మాటకు నిమిషం పట్టింది. అరగంట దాకా అలా గడిచి ఉంటుంది. మధ్యలో రెండుసార్లు తీసి చూశాను. ముల్లు కదల్లేదు. మూడోసారి తీసి మెల్లగా ఊపాను. సెకన్ల ముల్లు ఒక గీత దాటింది. ఆగింది. ఇంకో గీత దాటింది. ఇక ఆగలేదు.

ఆయన టోపీ పైకి జరిపి చెవికి ఆనించాను. తర్వాత పెదాలు కదిలాయి.

"మేస్తా ఉండాయి" అన్నాడు.

నర్సింగ్ అసిస్టెంట్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ పగలంతా, మర్నాడు పొద్దుటి దాకా, నా చెయ్యి ఆయన చెవి దగ్గరే ఉంది. నాలుగో రోజు పది యాభైకి గాలి తగ్గింది. బేస్ పిలిచింది. హెలికాప్టర్ బయల్దేరింది. మంచు మీద రెండు నిమిషాలకు మించి నిలవదు, ఇంజన్ ఆపదు. మిగతా వాళ్లు దిగే చోటు పైకి కనిపించేలా నారింజ రంగు గుడ్డ పరిచి నాలుగు మూలలా కూర్చున్నారు. నేను రేడియో వదిలి కదలకూడదు. వాచీ విప్పి సుబేదారుకు ఇచ్చాను.

"ఆయన చేతికి కట్టండి సార్. ఆస్పత్రి దాకా వినుకుంటా పోతాడు."

సుబేదారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. తీసుకుని స్ట్రెచర్ వెంట వెళ్లాడు.

పదకొండు ఇరవై ఆరుకు హెలికాప్టర్ లేచింది. ఆ టైము పైలట్ రేడియోలో చెప్పాడు. నా దగ్గర వాచీ లేదు.

"బేస్, పోస్టు. ఏడుగురం క్షేమం. ఓవర్."

సుబేదారు లోపలికి వచ్చాడు. కుడి చెయ్యి చంకలో దూర్చుకుని చాలాసేపు స్టవ్ దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి చూపుడు వేలి కొన నల్లబడింది. నర్సింగ్ అసిస్టెంట్ గుడ్డ చుట్టాడు. నేను ఏదో అనబోయాను. "నీ రేడియో నువ్వు చూసుకో పో" అన్నాడు. ఆ వేలి కొన కొంత తీసేయాల్సి వచ్చింది.

ఏప్రిల్‌లో మా బదులు వేరే వాళ్లు వచ్చారు. రేణిగుంట స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం రెండైంది. ఎండ ముఖాన కొట్టింది. భాగ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి ముందు నా ముఖం చూసింది, తర్వాత చేతి వేళ్లు లెక్కపెట్టింది. ఖాళీ మణికట్టు చూసి, నా సంచి అందుకుంది.

రెండు రోజులకు ఇద్దరం చిత్తూరు మీదుగా పలమనేరు వెళ్లాం. వంటాయన సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. చిక్కిపోయాడు. మెట్లు ఎక్కితే ఆయాసం. కానీ తనే లేచి ఎదురొచ్చాడు. కూర్చోకముందే వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు.

"రోజూ ఆరింటికి కీ ఇచ్చినా. ఆస్పత్రిలో లెయ్యలేనప్పుడు నర్సమ్మ ఇచ్చింది. ఒక్క పొద్దు గూడా తప్పలేదు."

"నీ కాడే ఉంచుకో అన్నా."

"నాకెందుకప్పా? కొట్టం నిండా పురుగులుండాయి."

ఆయన భార్య బస్సు వచ్చేదాకా భాగ్య చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సైన్యం నుంచి బయటికి వచ్చి చాలా రోజులైంది. వాచీ నా చేతికే ఉంది. పెళ్లిళ్లలో చూసి ఎంతకు కొన్నావని అడుగుతారు. సుబేదారు గూడూరులో నిమ్మతోట చూసుకుంటున్నాడు. ఒకసారి ఫోన్లో ఆ వేలి గురించి క్షమాపణ చెప్పబోయాను. "నిమ్మకాయలు కొయ్యడానికి మిగతా తొమ్మిది చాల్లేవయ్యా" అని కోప్పడ్డాడు.

ఆ ఆరు నెలల్లో చూసినవి చాలావరకు మసకబారాయి. ఒకటి మాత్రం పోదు. రేడియో పక్కన చిన్న కిటికీ ఉంది. హెలికాప్టర్ దిగిన ఆ రెండు నిమిషాలూ మాట్లాడుతూ అందులోంచి చూశాను. రెక్కల గాలికి మంచు తెల్లటి గోడలా లేస్తోంది. త్వరగా అని పైలట్ అద్దం మీద అరచేత్తో కొడుతున్నాడు. స్ట్రెచర్ సగం లోపలికి పోయింది. సుబేదారు మోకాళ్ల మీద ఉన్నాడు. తొడుగు వేసుకున్న చేతికి ఆ చిన్న బకిల్ అందలేదు. కుడి తొడుగు పళ్లతో లాగి, పళ్లతోనే పట్టుకున్నాడు. ఉత్త వేళ్లతో పట్టీని రంధ్రంలోకి పంపుతున్నాడు. జారుతోంది. మళ్లీ పంపుతున్నాడు. పైలట్ వైపు చూడలేదు, తొందరపడలేదు. బకిల్ పడింది. కోటు చేతిని వాచీ మీదికి లాగి, ఉయ్యాల్లో బిడ్డను జోకొట్టినట్టు దాని మీద రెండుసార్లు తట్టాడు.