కట్ట కింద ఎవరూ లేరని రాసిన

రెండేండ్ల కిందటి మాట. ఇరిగేషన్ నౌకరిల ముప్ఫై ఏండ్లు కట్టలు చూసి రిటైరైనంక, అశోక్‌నగర్‌ల మా ఇంటి ముందటి గదినే ఆఫీసు చేసుకున్న. సొంత భూముల్ల కుంటలు కట్టుకున్నోళ్లు వచ్చి తనిఖీ రిపోర్టు రాయించుకుంటరు. నాకు నోటి దురుసని పేరు. అయినా వస్తరు.

చిక్కడపల్లిల స్టీలు సామాన్ల దుకాణం నర్సింగరావు గారిది. ఊరవతల పొలం కొని, వాగుకు అడ్డం మట్టికట్ట పోయించిండు. ఎండాకాలంల పోయి చూసిన. కట్ట ఫరవాలేదు. మత్తడి, అంటే కుంట నిండినంక ఎక్కువ నీళ్లు పోయే దారి, జర ఇరుకు. వెడల్పు చెయ్యమన్న. ఇగ హజార్డ్ రేటింగ్. కట్ట గట్టిదా కాదా అని కాదిది, తెగితే కింద ఎవరి ప్రాణం పోతదన్న లెక్క. కింద ఎండిన చెల్క, నాలుగు మేకలు. ‘లో హజార్డ్’ అని రాసి సంతకం వెట్టిన.

దసరా అయినంక ముసురు వట్టింది. మూడో రోజు పొద్దున కుక్కర్ గాస్కెట్ కోసం ఆయన దుకాణానికి బయలెల్లిన. నాలా మీద ఆగి నీళ్లు ఎంత ఎత్తు పోతున్నయో చూసిన, పాత అలవాటు.

"పత్తి మస్తు వచ్చింది మేడం," అన్నడు ఆయన. "ఏరెటందుకు పక్క జిల్లా నుంచి ఇరవై మందిని తోలుకొచ్చిన. వానకు పని బంద్, అందరు డేరాలల్లనే ఉన్నరు."

"డేరాలు యాడ ఏసిండ్రు?"

"కట్ట కిందనే. సాపు జాగ, నీళ్లు దగ్గర."

"కట్ట కింద మనుషుల్ని పెడ్తరా? బుద్ధుందా నర్సింగరావు గారూ?"

ఆయన చిన్నబోయి, అల్మారిలకెల్లి నా రిపోర్టే తీసి చూపెట్టిండు. "మీరే రాసిచ్చిండ్రు గద, లో హజార్డ్ అని. డర్ లేదనే గద అక్కడ పెట్టిన?"

కింద ఎవరూ లేరని నేను రాసిన, ఎవరైనా ఉండొచ్చని ఆయన చదివిండు. మత్తడి సంగతి అడిగితే, "వచ్చే ఎండాకాలం చేపిద్దామనుకున్న" అన్నడు.

కూలోళ్ల ముఠాకు పెద్ద లచ్చవ్వ. ఆమెకు ఫోన్ కలిపిచ్చిన.

"కట్ట అడుగున నీళ్లు ఊరుతున్నయా అమ్మా?"

"పొద్దటి సంది ఊరుతున్నయి మేడం."

"తేటగున్నయా?" తేట ఊటకు అంత భయం లేదు. రంగు మారితే కట్టలోపలి మన్ను కొట్టుకపోతున్నట్టు.

"పొద్దున తేటనే. ఇప్పుడు చాయ లెక్కున్నయి."

"లచ్చవ్వా, పిల్లల్ని ఎత్తుకొని పక్క గడ్డ ఎక్కుండ్రి. వాగెంబడి పోవద్దు!"

"బియ్యం, బట్టలు..."

"అగ్గివెట్టు బట్టలకు! మందిని లెక్కవెట్టి ఫోన్ జెయ్యి."

ఇగ చూడాలె నా అవస్థ. నర్సింగరావు గారు చాయ తెప్పిస్తే, ఆ రంగు చూసి ముట్టలేకపోయిన. నౌకరిల ఎన్ని సంతకాలు వెట్టిననో, ఒక్కదానికీ అంత భయపడలె. ఆయన కూడ గిరాకీని ఒదిలి ఫోన్ దిక్కే చూస్కుంట కూసున్నడు. అర్ధగంటకు మోగింది.

"పెద్దోళ్లం ఇరవై, పిల్లలు తొమ్మిది. అందరం ఎక్కినం మేడం."

మధ్యాహ్నం కట్ట తెగింది. డేరాలు, బియ్యం అన్ని పోయినయి. మనుషులు దక్కిండ్రు.

తెల్లారి దుప్పట్లు, బియ్యం ఏసుకొని ఇద్దరం పోయినం. దండం పెడ్తదేమో అని నేను ముడుచుకపోతుంటే, లచ్చవ్వ సక్కగ మొకంల చూసి అడిగింది.

"మేడం, ఈ కట్ట మంచిగున్నదని మీరే రాసిండ్రట?"

"కింద ఎవరూ లేరని రాసిన అమ్మా. ఎండాకాలంల వచ్చి చూసిన, అప్పుడు ఎవరూ లేకుండె."

"ఎండాకాలం మేమెందుకుంటం మేడం? అప్పుడు పత్తి ఉండదు గద."

అప్పటిసంది ఎవరి కుంటకు పోయినా కట్ట కంటే ముందు అదే అడుగుతున్న: ఏ పంటకు ఎవరొస్తరు, యాడ పండుకుంటరు అని. రిపోర్టు మొదటి వరుస తెలుగుల రాస్తున్న, కట్ట కింద ఎవర్నీ ఉంచొద్దని. ఆ వరుస ఓనరు నా ముంగట పైకి చదివినంకనే సంతకం పెడ్త.