చెరువులో కలిసిపోయిన నా లాన్

టీ తాగతా వినండప్పా, కానీ నవ్వొస్తే కప్పు కింద పెట్టేయండి. పోయిన శుక్రవారం నా మొట్టమొదటి బిల్డింగును ఊరి ఆడోళ్ళంతా కలిసి దండం పెట్టి చెరువులో వదిలేసినారు. ఇంకా కట్టనే లేదు దాన్ని!

కృష్ణగిరిలో రాజప్ప అని, మ్యాంగో పల్ప్ ఫ్యాక్టరీ ఓనరు. గురుబరపల్లి పక్కన చెరువు ఒడ్డున ఆయనకు రెండెకరాలుంది. "ఆడ రిక్రియేషన్ సెంటర్ కట్టాలప్పా. జనం వచ్చి నీళ్ళు చూడాల, చెట్ల కింద ఆడుకోవాల. సిమెంటు తక్కువుండాల" అన్నాడు. బెంగళూరులో ఆరేండ్లు ఒక ఆర్కిటెక్టు కింద గీతలు గీసి, హోసూరులో సొంతంగా బోర్డు పెట్టుకోని మూడు నెల్లు. ఇదే నాకు తొలి ఛాన్సు. ఇంతలో ఇంకొక ఆర్కిటెక్టు కంప్యూటర్ ప్రింట్లు చూపించి పోయినాడంట! "వచ్చేది కాదు, ఆ పై శుక్రవారం చెరువుకాడికి రా, నీది కూడా చూసి ఆడనే చెప్పేస్తాను" అన్నాడు రాజప్ప.

నేను కంప్యూటర్‌కు యాడ పోయేది? మోడల్ చేసినాను. వెదురు పుల్లల గోడలు, రాగిగడ్డి కప్పు, అంతా సస్టైనబుల్, మన్నులో కలిసిపోయేదే. లాన్ మాత్రం నిజం మొలకలతోనే ఉండాలనుకొన్నాను. చూసినారా తెలివి!

మా అమ్మ ఏటా మారెమ్మ పండక్కి మొలకలు పోసే మనిషి. తట్టలో మన్ను పోసి, గింజలు చల్లి, తొమ్మిది దినాలు సాకి, పండగనాడు నెత్తిన పెట్టుకోని పోయి నీళ్ళలో వదిలేది మావైపు ఆచారం. నాకూ పెద్ద తట్టలో రాగులు చల్లిచ్చింది, ఆ మన్ను నడిమధ్యలోనే మోడల్ నిలబెట్టినాను. తొమ్మిదో దినం చూస్తే బిల్డింగు కన్నా లానే ఎత్తుగా ఉంది! కత్తెరతో కటింగ్ చేస్తా ఉంటే అమ్మ వచ్చింది.

"మొలకలకు కత్తెర పెడతావా, పాపిష్టోడా!"

బయలుదేరేటప్పుడు తట్ట చుట్టూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేసింది. "ఏంది మా ఇది? ప్రజెంటేషన్!" అన్నాను. "ఏందో నాకు తెల్దురా. మొలకలు బోసిగా గడప దాటకూడదు" అనింది. అమ్మతో యాడ గెలిచేది? బస్సులో ఒకాయన లేచి సీటిచ్చినాడు. నాక్కాదు, తట్టకు! అప్పుడన్నా నాకు బుద్ధి రావాల.

పదింటికంతా చెరువుకాడ ఉన్నాను. పదకొండైనా రాజప్ప లేడు. తట్టను చెట్టు నీడలో పెట్టి, రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కు పోయి ఫోన్ చేసినాను. "వస్తా ఉన్నా, వస్తా ఉన్నా" అన్నాడు. తిరిగొస్తా ఉంటే డప్పుల మోత! ఆడోళ్ళు వరసగా మొలకల తట్టలు నెత్తిన పెట్టుకోని నీళ్ళలోకి దిగతా ఉన్నారు. ఆ ఊరికి ఆ పొద్దే మారెమ్మ పండగ. చెట్టు కింద నా తట్ట లేదు. చూస్తే ఒక అవ్వ నెత్తిన నా క్యాంటీను, నా పార్కింగు!

"అవ్వా! ఆగవ్వా! అది నాది!"

అవ్వ మోకాలి లోతులో నిలబడి తిరిగి చూసింది. "నీదా నాయనా? ఎవరో మర్చిపోయినారనుకొంటి. మొగోడివి ఒక్కడివే మోసుకోనొచ్చినావా! ఇంట్లో ఆడోళ్ళకు ఒళ్ళు బాగలేదా? నువ్వు దిగొద్దులే, నేను వదుల్తాను."

"అయ్యో అవ్వా, అది రిక్రియేషన్ సెంటర్!"

"ఏ పేరుతో పిలిస్తే ఏం నాయనా, అమ్మ అమ్మే!"

వదిలేసింది. ముందు పార్కింగ్ మునిగింది, వెనకాలే క్యాంటీను. నిజం చెప్తా ఉన్నాను, ఏడుపొచ్చేసింది. తొమ్మిది దినాలు మా అమ్మ తెల్లారి లేచి నీళ్ళు చిలకరించిన మొలకలప్పా అవి.

సరిగ్గా అప్పుడే రాజప్ప కారు దిగినాడు. "యాడప్పా మోడల్?"

"ఆడ" అని నీళ్ళు చూపించి, జరిగిందంతా చెప్పినాను. ఆయన చెప్పులు విడిచి చెరువుకు దండం పెట్టినాడు. నవ్వలేదు! తర్వాత ఆ ఆడోళ్ళనే చూస్తా నిలబడినాడు. ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటా, గట్టున కూర్చోని గుగ్గిళ్ళు తింటా, ఒకటే నవ్వులు.

"నీ ప్లానులో వీళ్ళు యాడ దిగతారప్పా?"

చంకలో ఉన్న డ్రాయింగ్ విప్పినాను. ఒడ్డు పొడుగునా ఇనప కంచె, దాని మీద 'నీళ్ళలో దిగరాదు' అని బోర్డు. నేనే గీసినాను.

"కంచె తీసేసి మెట్లు పెట్టు. పని నీకే. మారెమ్మ తీసుకొన్నదాన్ని నేను వద్దంటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా? మంగళవారం పార్ట్‌నర్లకు చూపించాల, ఇంకొక మోడల్ తీసుకోనిరా."

ఎగిరినట్టు ఇంటికొచ్చి చెప్తే అమ్మకు నాకన్నా సంతోషం. "అర్జెంటుగా ఇంకొక తట్ట మొలకలు పోసియ్యి మా" అన్నాను.

"నాలుగు దినాల్లో మొలకలు యాడ లేస్తాయిరా? మారెమ్మకే తొమ్మిది దినాలు కావాల, నీ పార్ట్‌నర్లు ఆమెకన్నా గొప్పోళ్ళా?"

రేపే మంగళవారం. అందుకని జనాన్ని ప్రకృతితో కలిపే నా సెంటరుకు, నిన్నంతా కూర్చోని, హోసూరు బజార్లో కొన్న ప్లాస్టిక్ గడ్డి అతికించినాను. ఒకటైతే గ్యారంటీ అప్పా, దీన్ని ఏ అవ్వ చెరువులో వదిలినా వందేండ్లకు కూడా కుళ్ళదు!