రోజు విడిచి రోజు చచ్చే పురుగులు

యేసుపాదం మొదటి విజయం సామాన్యమైనది కాదు. ఖాళీ ఓడ తూలిపోకుండా అడుగు ట్యాంకుల్లో రేవు నీళ్లు నింపుతారు. ఆ నీళ్లలో కంటికి ఆనని పురుగులు గాలీ వెలుతురూ లేకుండా దేశాలు దాటేస్తాయి. ఓడలో పంపులు చూసే యేసుపాదం వాటిని సీసాకెత్తి, నల్లగుడ్డ చుట్టి, నలభై మూడు రోజులు బతికించి, అనకాపల్లిలో అత్తగారి వంటింట్లో దించాడు. ఓడవాళ్లు ఇంటికి సెంట్లూ టార్చిలైట్లూ తెస్తారు. ఈయన చుట్టాలను తెచ్చాడు.

నీళ్లలో ఎవరున్నారో విచారించకుండా తాగడు, పారబోయడు. పెళ్లి పంక్తిలో ఆయన గ్లాసు దీపానికెత్తితే వడ్డించేవాళ్లు పక్క వరసకు పారిపోయేవారు.

అత్తగారు ఆరోగ్యమేరి దేవరాపల్లి బడిలో ఐదో తరగతి దాకా చదివింది. లెక్కల్లో ఫస్టు, బైబిలు వాక్యాల పోటీలో మూడేళ్లు వరసగా ఫస్టు. సూదిలో దారం ఒక్క గురికే ఎక్కించేదాన్నని చెప్పుకుంటుంది. రెండేళ్లుగా ఆ దారం కూతురు రోజలిన్ ఎక్కిస్తోందని మాత్రం చెప్పదు.

“అత్తా, నాకు లెక్క కుదరదు. నువ్వే లెక్కెట్టాల,” అన్నాడు యేసుపాదం, బడివాళ్లు అమ్మేసిన పాత మైక్రోస్కోపు ముందుపెట్టి. మూసిన గాజుబిళ్లలో అరచుక్క నీళ్లు. “ఓరోజు ఎడం కన్ను, ఓరోజు కుడి కన్ను. ఓడోళ్ల రూలు.”

సోమవారం, “పదిహేడు!” మంగళవారం, “నాలుగే. మిగతావి సచ్చేయి, పాపం.” బుధవారం, “పదిహేడు!” గురువారం, “మూడు.”

“సచ్చినవి మళ్లీ లేత్తన్నాయేటమ్మా?” అంది రోజలిన్.

“లేవకేటి? నువ్వు బైబిలు సదవనేదా?”

వీధి రెండు పార్టీలైంది. కరెంటు కోతవల్లే అన్నాడు బెల్లం వర్తకుడు పరదేశి. రిటైరైన సైన్సు మాస్టారు త్రినాధరావు ఏ కోతనూ నమ్మక, విదేశీ పురుగుల పునరుత్థానం మీద ఏకంగా పదకొండు పేజీల వ్యాసం రాసి పేపరుకు పంపారు.

ఓడెక్కడానికి పదిరోజులుందనగా రోజలిన్ మొగుడి నోటుపుస్తకం తెరిచి అమ్మ ముందే పైకి చదివింది. పురుగుల ఊసే లేదు. ‘ఎడం కన్ను: 17, 17, 16. కుడి కన్ను: 4, 3, 2. నేను: రోజూ 17.’ చివర్లో ఆరోగ్యమేరి పేరున కంటాసుపత్రి చీటీ.

“ఆసుపత్రంటే సీపురెత్తుతున్నావు కదా అత్తా,” అని గొణిగాడు యేసుపాదం. “పురుగులు సుబ్బరంగా ఉన్నాయి. నీ కుడి కంట్లో సుక్లం.”

ఆరోగ్యమేరి ఎడం కన్ను మూసుకుని ఆ చీటీ చూసింది.

“నా లెక్క తప్పా?”

“అగుపడినంతవరకూ ఒక్కటీ తప్పనేదు.”

“అయితే పద.”

ఆపరేషనైంది. పరాయి రేవు పురుగులు శారదా ఏట్లో పడితే మన చేపల నోటికాడ కూడు లాగేస్తాయని యేసుపాదం ఆ సీసా నీళ్లు మరగబెట్టి మరీ పారబోసి ఓడెక్కాడు. మరిగే గిన్నె దగ్గర అత్తగారు చిన్న ప్రార్థన చేసింది.

ఇప్పుడామె ఘనకార్యాల జాబితాలో ఇంకోటి చేరింది: “ఓడ పురుగుల్ని బతికించింది నేనే!” మైక్రోస్కోపు తుడిచి సిద్ధంగా పెట్టింది. కొత్త సీసాతో అల్లుడు దిగే రోజుకు క్యాలెండరులో తనే సున్నా చుట్టింది, గీత ఎక్కడా పక్కకు పోకుండా: 2007 ఫిబ్రవరి 19, సోమవారం.